అతుకు

కోళ్ళ షెడ్డులో దొరికింది.
సీటు మీద గడ్డి, గడ్డిలో మూడు గుడ్లు,
స్టీరింగు మీద ఎండిన రెట్ట.
రెడ్‌రూత్ దాటాక, మూతపడ్డ తగరం గని వెనకాల
ముసలి హొస్కిన్ అన్నాడు:
"పాతికేళ్ళుగా దీన్ని కోళ్ళే నడుపుతున్నాయి."
రెండు వేల పౌన్లకిచ్చాడు.
గుడ్లు మాత్రం తీసి జేబులో వేసుకున్నాడు.

మొదటి చలికాలమంతా రంగు గీకాను.
ఎరుపు కింద ఆకుపచ్చ,
దాని కింద మళ్ళీ ఎరుపు, కాస్త ముదురు.
అన్నిటికీ అడుగున, తలుపు మడతలో,
ఎండ ఎన్నడూ చూడని చోట
గోరంత లేత నీలం.
పుట్టుమచ్చ దొరికిందనుకున్నాను.

చివికిన రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఐదు పేర్లు.
మొదటివాడు ప్లిమత్‌లో పళ్ళ డాక్టరు.
మూడో పేరు లవ్‌డే నాన్స్‌కివెల్, బడి పంతులమ్మ.
ఉత్తరం రాస్తే తొంభై ఒకటో ఏట జవాబిచ్చింది,
వణికే అక్షరాల్లో, ఒకే ఒక్క ప్రశ్న:
"సెకండు గేరు ఇంకా బతిమాలించుకుంటోందా?"

బతిమాలించుకుంటోంది, అని రాశాను.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

రెండో చలికాలం బండిని పైకెత్తి
కింద వెల్లకిలా పడుకున్నాను, లైటు పట్టుకుని.
సీట్ల వెనక, ఈ చివర నుంచి ఆ చివరకి
ఒక గీత.
ఆపరేషన్ కుట్టులా ఉబ్బిన వెల్డింగ్.
ముందు సగానిది ఒక నంబరు,
వెనక ఇరుసు మీది అంకెలు వేరే బండివి.
వెనక రెక్కల్ని అడుగుదాకా గీకి చూశాను:
నీలం లేదు. మీగడ రంగు.

ఎవడో, ఎప్పుడో,
చచ్చిన రెండు బండ్లని కలిపి
ఒక బతికిన బండిని చేశాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు?
నడుస్తోందిగా!" అంది మా ఆవిడ.
నేను ట్రూరో లైబ్రరీకి వెళ్ళి
పాత పేపర్లు తిరగేస్తూ కూచున్నాను.
అరవై మూడు, ఫిబ్రవరి, మంచు.
బాడ్మిన్ మూర్ మలుపులో రాతిగోడ.
జోరీ ట్రెగియర్, ఇరవై రెండేళ్ళు.
ఫొటోలో ముందు భాగం లేదు.
వెనక భాగం
షోరూములో నిలబెట్టినట్టే ఉంది.

వాళ్ళ చెల్లెలు థిర్జాని వెతికి పట్టుకునేసరికి
బండి పూర్తయింది.
పెళ్ళికి ముస్తాబైనట్టుంది, నా మాట కాదు, పోస్ట్‌మాన్ మాట.
ఆవిడ బస్సు దిగి వచ్చింది, గొడుగు ముడవలేదు.
ముందు వైపు చూడనే లేదు.
డిక్కీ తెరవమంది.
మూత అంచు లోపల్నించి చెయ్యి పోనిచ్చి
నెమ్మదిగా తడిమింది,
చీకట్లో స్విచ్చి వెతుకుతున్నట్టు.

"లాన్‌సెస్టన్ దాకా ఇరవై నిమిషాల్లోపు వెళ్ళినప్పుడల్లా
మేకుతో ఒక గీత పెట్టేవాడు.
అమ్మకి తెలీకూడదని ఇక్కడ.
ఏడు ఉండాలి."

గీతలు ఉన్నాయి. అంటే, ఉండేవి.
పుట్టీ పూసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది,
నాలుగు పూతలు వేసింది నేనే.
ఎంత బాగా చేశానంటే
అరవై ఏళ్ళుగా గుర్తుపెట్టుకున్న వేళ్ళు
ఏమీ లేని చోట జారిపోయాయి.

చెయ్యి తీసుకుంది. చేతి రుమాలుతో తుడుచుకుంది.
"చాలా బాగా చేశావు నాయనా," అంది.
టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆ రాత్రి చిన్న ఉలి తీసుకుని
అరచేయంత మేర రంగు గీకాను,
వేసినదాని కన్నా నిదానంగా.
పుట్టీ పొడి రాలాక గీతలు పైకొచ్చాయి:
ఒకటి, రెండు, మూడు,
వంకరగా నాలుగోది, ఐదు.
తర్వాత నున్నటి ఇనుము.
మిగతా రెండూ
నా చేతులే తినేశాయి.

శనివారం హెల్స్‌టన్‌లో పోటీ.
కోటు వేసుకున్న జడ్జి డిక్కీలోకి వంగి,
పెదవి విరిచి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.
"ఇక్కడ రంగు వెయ్యడం మర్చిపోయారు.
మూడు మార్కులు పోతాయి."

సరేనన్నాను.
తిరిగొచ్చే దారిలో వాన.
గట్టు ఎక్కేటప్పుడు సెకండు గేరు
మామూలుగానే మొండికేసింది.
బతిమాలాను.